వేగం తప్పిన కచేరీ రికార్డు: నా అనుభవం

బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ 1970 సెప్టెంబరు 4న అమెరికాలోని ఇంగిల్‌వుడ్ ఫోరమ్‌లో ఇచ్చిన కచేరీని ప్రేక్షకుల మధ్య నుంచి టేపు చేసి, అనధికారంగా అచ్చువేసిన ఎల్‌పీ రికార్డులో గాయకుడు రాబర్ట్ ప్లాంట్ గొంతు మరీ కీచుగా వినిపించేది. విశాఖ ఉప్పుగాలికి టర్న్‌టేబుల్ (రికార్డును తిప్పే యంత్రం) బెల్టు సాగిందేమో అనుకున్నాను గానీ, బెల్టు సాగితే వేగం తగ్గాలే తప్ప పెరగదు. వేగం సరిచూసే 180 గీతల స్ట్రోబ్ చక్రాన్ని పళ్లెంపై పెట్టి, మన 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే పాత ఫిలమెంటు బల్బు కింద చూస్తే, నిమిషానికి 33⅓ చుట్ల దగ్గర గీతలు కదలకుండా నిలిచాయి. అంటే వేగం సరిగ్గానే ఉంది; లోపం యంత్రంలో కాదు, అచ్చుకు వాడిన టేపులోనే ఉంది. అదే పాట స్టూడియో రికార్డింగును పక్కన వింటూ, శ్రుతి కలిసేదాకా టర్న్‌టేబుల్ వేగాన్ని మార్చే పిచ్ మీటను తగ్గించాను. అర స్వరం తేడాకు దాదాపు 6 శాతం తగ్గించాలి. బృందం డ్రమ్మర్ బోన్‌హామ్ డ్రమ్ముల మోతకు అసలైన బరువు వచ్చింది. రెండో వైపు తేడా వేరుగా ఉండవచ్చు కనుక ప్రతి వైపునూ విడిగా సరిచూసుకోవాలి.