ఎమ్మెంటాల్ లోయ పాడి సంప్రదాయాన్ని చూసే పద్ధతి

స్విట్జర్లాండ్‌లోని ఎమ్మెంటాల్ లోయకు వెళ్ళేవారు ముందుగా రైతుల ఇళ్ళను గమనించాలి. నివాసం, పశువుల కొట్టం, గడ్డి అటక అన్నీ కిందిదాకా వాలిన ఒకే పెద్ద కప్పు కింద ఉంటాయి. పచ్చికబయళ్ళ కంటే ఈ కప్పులే అక్కడి బతుకును ఎక్కువగా చెబుతాయని నా అభిప్రాయం.

తర్వాత ఆఫొల్టెర్న్ గ్రామంలోని ప్రదర్శనశాలలో ఎమ్మెంటాల్ చీజ్ తయారీని చూడాలి. సైలేజ్ (పులియబెట్టి నిల్వచేసిన పచ్చిమేత) మేపని ఆవుల పచ్చిపాలను రాగి కాగులో తోడుపెట్టి, గడ్డకట్టిన పెరుగును తీగల చట్రంతో గింజలంత ముక్కలుగా కోస్తారు. కిలో చీజ్‌కు సుమారు 12 లీటర్ల పాలు పడతాయి. చక్రంలా ఉండే ఒక్కో చీజ్ దిమ్మ 75 నుంచి 120 కిలోలు తూగుతుంది. వెచ్చని గదిలో బ్యాక్టీరియా విడిచే వాయువు వల్లనే చీజ్‌లో రంధ్రాలు ఏర్పడతాయి. కొనేటప్పుడు 4 నెలలు మాగినది, ఏడాది మాగినది పక్కపక్కన రుచి చూపించమని అడగాలి.