ఎండోస్కోప్ రిపేరు: పంపేటప్పుడు, తిరిగొచ్చాక ఏం చూడాలి

ఎండోస్కోప్‌ని (కడుపు, పేగుల్లాంటివి లోపల చూసే కెమెరా గొట్టం) సర్వీసుకి పంపే ముందు శుభ్రం చేసి, డిస్‌ఇన్ఫెక్ట్ చేసి, ఆ సర్టిఫికెట్ పెట్టెలో పెట్టండి. అది లేకపోతే పద్ధతిగా పనిచేసే సర్వీసువాళ్లు దాన్ని ముట్టుకోరు. విమానంలో వెళ్లే పార్సిల్ అయితే, ఆ మోడల్‌కి ఈటీఓ క్యాప్ (స్కోప్ లోపలి గాలికి బయటికి దారి ఇచ్చే మూత) ఉంటే తప్పకుండా బిగించాలి. పైన గాలి ఒత్తిడి తగ్గినప్పుడు, వంగే భాగం మీద ఉన్న పల్చని రబ్బరు ఉబ్బి చిరిగే ప్రమాదం ఉంది. అదే క్యాప్ తీయకుండా నీళ్లలో ముంచారో, నీళ్లు నేరుగా లోపలికే.

కంప్లయింట్ "పనిచేయట్లేదు" అని రాయకండి, దయచేసి. "పైకి తిప్పినప్పుడు బొమ్మ పోతోంది" అని రాస్తే టెక్నీషియన్‌కి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

స్కోప్ సర్వీసువాళ్ల దగ్గరికి వచ్చాక సీరియల్ నంబరు, ఫొటోలు, ఆ తర్వాత లీక్ టెస్ట్ (ఎక్కడైనా చిల్లు ఉందేమో చూడటం). ముందు గాలి నింపి మీటరు ముల్లు దిగుతుందేమో చూస్తారు, తర్వాత నీళ్లలో ఉంచి కొనని వంచే నాబ్‌లు నాలుగు వైపులా పూర్తిగా తిప్పుతారు, ఎందుకంటే కొన్ని చిల్లులు వంచితే గానీ బుడగలు రావు. ఛానెల్ (పరికరాలు పంపే లోపలి దారి) నోట్లోంచి బుడగలు వస్తుంటే ఫోర్సెప్స్ (ముక్క తీసే సన్నని పట్టకారు) గీరుకుని లోపల ట్యూబు తెగినట్టే అనుకోవచ్చు. వంగే కోణం కూడా కొలవాలి: చాలా గ్యాస్ట్రోస్కోపుల్లో (కడుపు చూసే స్కోపులు) పైకి 210 డిగ్రీలు, కిందికి 90 రావాలి, తగ్గితే కొనని వంచే వైర్లు సాగాయన్నమాట.

లీక్ దొరికిందంటే అసలు ప్రశ్న నీళ్లు ఎంతదాకా వెళ్లాయన్నది. రబ్బరు మార్చడం పెద్ద పనేం కాదు, కానీ తడి లోపలే ఉండిపోతే వైర్లు తుప్పు పడతాయి, కెమెరా చిప్ పోతుంది, అప్పుడు బిల్లు ఎక్కడికో వెళ్తుంది. అందుకే కంట్రోల్ బాడీ (నాబ్‌లు ఉండే, చేత్తో పట్టుకునే భాగం) తెరిచి చూశారా అని అడగండి, ఫొటో పంపమనండి, ఎస్టిమేట్‌కి మీరు ఓకే అన్నాకే పని మొదలవ్వాలి.

ఇక రిపోర్టు. "రిపేర్ చేశాం, టెస్ట్ ఓకే" అన్న ఒక్క లైను నా దృష్టిలో చిత్తుకాగితం. రిపేరుకి ముందు, తర్వాత తీసిన రీడింగులు రెండూ ఉండాలి. మార్చిన పార్టులు, వాటి లాట్ (తయారీ బ్యాచ్) నంబర్లు, అవి కంపెనీవా బయటివా, విద్యుత్ భద్రత పరీక్షలో లీకేజీ కరెంటు (బయటికి కారే కరెంటు) ఎంత వచ్చింది, ఎవరు చేశారు, వాడిన మీటరు కాలిబ్రేషన్ (కొలత సరిగ్గా ఉందో సరిచూడటం) ఎప్పుడు జరిగింది, ఇవన్నీ కావాలి. రిపేరు జరిగేలోపు వాడుకోమని వేరే స్కోప్ ఇస్తే దాని సీరియల్ నంబరు కూడా మీ రిజిస్టర్‌లో ఎక్కించండి, రేపు ఇన్ఫెక్షన్ వచ్చి ఏ పేషెంటుకి ఏ స్కోప్ వాడారో వెతకాల్సి వస్తే అదే ఆధారం.

తిరిగొచ్చిన స్కోప్ మీద సీరియల్ నంబరు కాగితంతో సరిపోల్చి, మీ దగ్గరే ఇంకోసారి లీక్ టెస్ట్ చేసి, బొమ్మ, గాలి, నీళ్లు, సక్షన్ చూసుకుని అప్పుడు సంతకం పెట్టండి. పేషెంటుకి వాడే ముందు మళ్లీ పూర్తిగా రీప్రాసెస్ (శుభ్రం చేసి డిస్‌ఇన్ఫెక్ట్) చేయాల్సిందే, సర్వీసువాళ్లు శుభ్రం చేసే పంపామన్నా సరే.