సెల్లార్‌ను ఇల్లుగా మారుస్తున్నారా? గ్యాస్ మంటకు గాలి దారి ఎలా పెట్టాలి?

రెండేళ్ల కింద చలికాలంలో, మహబూబ్‌నగర్‌లో మా ఇంటి కింది పోర్షన్‌లో కిరాయికి ఉన్న పిల్లలిద్దరూ రోజూ పొద్దున్నే తలకాయ నొప్పి అనేవాళ్లు. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు. రాత్రి రెండింటి దాకా లైటు వెలుగుతూనే ఉండేది. ఒకసారి కళ్లు చూపించుకోండి అని సలహా కూడా ఇచ్చాను. ఓ రోజు కరెంటు మీటరు చూద్దామని కిందికి దిగితే, వంటగది గోడ అడుగున నేను పెట్టించిన గాలి రంధ్రంలో గోనెసంచి కుక్కి ఉంది.

"రాత్రంత సల్లగాలి కొడుతుంది అంకుల్. మొన్న తేలు గూడ వచ్చింది" అన్నాడు పెద్దవాడు.

స్నానానికి నీళ్లు స్టవ్ మీదే కాగబెట్టుకుంటున్నారు, చలికి కిటికీ తలుపులన్నీ బిగించి. గంజు తిప్పి చూస్తే అడుగంతా నల్లటి మసి. సంచి పీకించాను, కిటికీ తీయించాను. ఆ తర్వాత మళ్లీ తలనొప్పి మాట వినలేదు. ఇందులో వాళ్లను అనడానికేమీ లేదు. తేలు దూరేలా, చలిగాలి నేరుగా మంచం మీదికి కొట్టేలా రంధ్రం పెట్టిస్తే ఎవరైనా మూసేస్తారు. ఎవరికీ మూయాలనిపించని గాలి దారి ఎలా పెట్టాలో ఆ దెబ్బతో నేర్చుకున్నాను.

ముందు ఇది తేల్చుకోండి

మన దగ్గర రాతి నేల, వాలు నేల. అందుకే చాలా ఇళ్లు ముందు నుంచి చూస్తే సెల్లార్, వెనక నుంచి చూస్తే గ్రౌండ్ ఫ్లోర్. మాదీ అంతే. వెనక గోడ మొత్తం బయటి నేలకు సమానంగా ఉంది. ఇక్కడ చెప్పేదంతా అలాంటి సెల్లార్‌కే.

నాలుగు వైపులా మట్టిలోకి దిగిపోయిన సెల్లార్ అయితే సిలిండర్ గ్యాస్ ఆలోచనే వదిలేయండి. సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఎల్‌పీజీ. గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి లేవదు, నీళ్లలాగా పల్లానికి పారుతుంది. సెల్లార్‌లో పల్లం అంటే మోరీ, సంపు. ఆ పక్కనే బోరు మోటార్ స్టార్టర్ ఉంటుంది. అది టక్కుమని పడినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. నేలమట్టం కంటే కింద సిలిండర్ పెట్టొద్దని గ్యాస్ కంపెనీలు చెప్పేది ఇందుకే. అలాంటి చోట ఇండక్షన్ స్టవ్, కరెంటు గీజర్ పెట్టుకోండి. లేదంటే పై అంతస్తులో గీజర్ పెట్టి వేడినీళ్ల పైపు కిందికి దింపుకోండి. పైపులో వచ్చే సహజవాయువు గాలి కంటే తేలిక కాబట్టి లీకైతే సీలింగ్ దగ్గర చేరుతుంది. మంటకు కావాల్సిన గాలి విషయంలో మాత్రం దానికీ మినహాయింపు లేదు.

ఇంకోటి, తెలంగాణ భవన నియమాల ప్రకారం సెల్లార్ ప్రధానంగా బండ్లు పెట్టుకోవడానికే. గోడ పగలగొట్టకముందే మున్సిపాలిటీలో అడిగి తెలుసుకోండి.

మంట ఎంత గాలి తింటుంది?

ఇక్కడ కొంచెం లెక్క చేయక తప్పదు. కిలో ఎల్‌పీజీ సరిగ్గా కాలాలంటే దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి, అంటే 420 ఘనపు అడుగుల పైమాట. రెండు బర్నర్ల ఇంటి స్టవ్ మంట వేడి మొత్తం 4 కిలోవాట్ల చుట్టుపక్కల ఉంటుంది. నిమిషానికి 6 లీటర్ల నీళ్లు కాచే గ్యాస్ గీజర్ ఒక్కటే దాదాపు 12 కిలోవాట్లు, గంటకు ఇంచుమించు కిలో గ్యాస్ తాగుతుంది. గోడకు బుద్ధిగా వేలాడుతుంది కానీ అయిదారు బర్నర్ల పెట్టు.

ఆ గీజర్‌ను 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తున్న బాత్రూమ్‌లో పెట్టారనుకోండి. లోపలున్న గాలి మొత్తం 280 ఘనపు అడుగులే. తలుపేసుకుని పది నిమిషాలు స్నానం చేస్తే అందులో దాదాపు నాలుగో వంతు గాలి మంటకే పోతుంది. 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 16 దగ్గరికి పడుతుంది. అంత దాకా కూడా అక్కర్లేదు. ఆక్సిజన్ తగ్గడం మొదలవగానే మంట సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుట్టిస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్‌లో వాసన కోసం కలిపే మందు మంటలో కాలిపోతుంది కాబట్టి ముక్కు ఇక్కడ పనికిరాదు. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది, దాంతో ఒంటికి ఆక్సిజన్ అందదు.

అమెరికాలో చాలా ఇళ్లలో గ్యాస్ హీటర్లు బేస్‌మెంట్లలో ఉంటాయి. అక్కడి గ్యాస్ కోడ్‌లో ఒక కొలత ఉంది. బయటి గాలి దారి లేకుండా గది గాలి మీదే ఆధారపడాలంటే, మన లెక్కలోకి మార్చితే, కిలోవాటుకు 170 ఘనపు అడుగుల జాగా ఉండాలి. 4 కిలోవాట్లకు 680. ఎనిమిది బై పది వంటగది, 9 అడుగుల ఎత్తు అయితే 720 వస్తుంది కాబట్టి సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఆ లెక్క సందుల్లోంచి కాస్త గాలి ఆడే ఇంటికి. సెల్లార్ బాగుచేయడమంటే మనం చేసేదేమిటి? యూపీవీసీ కిటికీలు, రబ్బరు అంచుల తలుపులు, పైన ఫాల్స్ సీలింగ్. ఒక్క సందు మిగలదు. పెంకుటింట్లో ఈ లెక్కలేవీ లేకుండానే కట్టెల పొయ్యి వెలిగిందంటే పెంకుల సందులే దాన్ని కాపాడాయి. బిగించి కట్టిన గదికి బయటి గాలి దారి పెట్టడమే సరైన పని.

రంధ్రాలు ఎక్కడ, ఎంత?

ఒకటి చాలదు, రెండు కావాలి. ఒకటి నేల నుంచి అడుగు లోపు, రెండోది సీలింగ్ నుంచి అడుగు లోపు. కిందిదాంట్లోంచి చల్లగాలి వస్తుంది, పైదాంట్లోంచి వేడిగాలి పోతుంది, ఫ్యాన్ లేకుండానే గాలి ఆడుతుంది. సిలిండర్ గ్యాస్‌కు కింది రంధ్రం ఇంకో పని కూడా చేస్తుంది, లీకైన గ్యాస్ బయటికి జారిపోవడానికి దారిస్తుంది. అందుకే అది బయటి నేల కంటే పైన ఉండాలి, బయట నేల అటువైపే వాలాలి. దాని ఎదురుగా గుంతో సంపో ఉంటే లాభం లేదు.

రెండూ బయటి గాలిలోకే తెరుచుకోవాలి. మెట్ల కిందికో, పక్క అర్రలోకో, పార్కింగ్‌లోకో కాదు. పార్కింగ్‌లో బండ్ల పొగలోనూ కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

కొలత తేలిగ్గా గుర్తుండేలా చెబుతాను. గోడకు నేరుగా కొట్టే రంధ్రమైతే కిలోవాటుకు చదరపు అంగుళం చొప్పున, రెండింటికీ విడివిడిగా. అడ్డంగా పైపు వేసి దూరం నుంచి గాలి తెచ్చుకోవాలంటే దానికి రెట్టింపు. ఏ వైపు కొలతైనా మూడు అంగుళాలకు తగ్గొద్దు. నాలుగంగుళాల పైపు ముక్క అంటే 12 చదరపు అంగుళాలు, ఒక్క స్టవ్‌కు ధారాళంగా చాలు. పొగ గొట్టం బయటికి తీసిన గీజర్ కూడా లోపలే ఉంటే మొత్తం 16 కిలోవాట్లు. అప్పుడు ఆరంగుళాల పైపు, 28 చదరపు అంగుళాలు, వేయించండి. రంధ్రానికి ఇనుప లూవర్ (వాలు పట్టీల మూత) బిగిస్తే నాలుగో వంతు జాగా పోతుంది. చెక్క లూవర్ అయితే నాలుగో వంతే మిగులుతుంది, దాని జోలికి పోవద్దు.

ఇక తేళ్ల సంగతి. దోమల జాలి బిగిస్తే సరిపోతుందనుకుంటాం. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర ఒక చుట్టాల ఇంట్లో చూశాను. ఊక దుమ్ము పట్టి జాలి మెత్తని దుప్పటిలా తయారైంది, వేలితో గీస్తే చార పడింది. ఒక్క సీజన్లోనే అంత. పావు అంగుళం కంటి ఇనుప జాలి వేయించండి. దుమ్ము అంత తొందరగా పూడ్చదు, ఎలుక, పాము రావు, పెద్ద తేలు కూడా పట్టదు. పిల్ల తేలు దూరొచ్చు, దానికి మేం బయట గోడ మీద రంధ్రం చుట్టూ నున్నటి టైలు అతికించాం. వాటికి నున్నటి చోట పట్టు దొరకదు.

చలిగాలి మీద పడకుండా లోపలి వైపు పైపుకు ఒక ఎల్బో (వంపు ముక్క) తొడిగి మూతిని గోడ వైపుకు తిప్పించాను. ఎల్బో, గోడ మధ్య నాలుగంగుళాలు ఖాళీ వదలాలి, లేకపోతే మూసినట్టే. బయటి వైపు కూడా కిందికి చూసే ఎల్బో, పైపుకు బయటికి కొంచెం వాలు. వానకాలంలో చుక్క లోపలికి రాలేదు. మా మేస్త్రి మాత్రం "ఇంత చిన్న బొక్కకు ఇన్ని సోకులా సార్" అని నవ్వాడు. రెండు ఎల్బోల ఖర్చు ఆ రోజు ఆయన కూలిలో పదో వంతు కూడా కాలేదు.

ఇటుక గోడైతే మేస్త్రి చేత్తో కొట్టేస్తాడు. మట్టిని ఆపే ఆర్‌సీసీ రిటైనింగ్ గోడైతే కోర్ కటింగ్ మిషన్‌తోనే కోయించాలి. పిల్లర్, బీమ్ జోలికి అస్సలు వెళ్లొద్దు.

సిలిండర్, గీజర్

సిలిండర్ బయట, వెనక గోడ దగ్గర నేలమట్టం మీద, నిలబెట్టి ఉంచాలి. రబ్బరు ట్యూబ్‌ను గోడలోంచి తీయొద్దు. అది ఒకటిన్నర మీటర్లకు మించకూడదు, అయిదేళ్లకోసారి మార్చాలి. గోడ దాటాలంటే లోహపు పైపే, అదీ గ్యాస్ ఏజెన్సీ మనుషులతోనే వేయించాలి.

చౌకగా దొరికే చిన్న గీజర్లలో చాలావాటికి పొగ గొట్టమే ఉండదు, పైనున్న సందుల్లోంచి వేడిగాలి నేరుగా గదిలోకే వస్తుంది. అలాంటిదాన్ని ఎన్ని రంధ్రాలు పెట్టినా బాత్రూమ్‌లో పెట్టొద్దు. బయటి గోడకు సజ్జ కింద బిగించి, వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తెచ్చుకోండి. ఈ ఒక్క మాట విన్నా చాలు, మిగతాదంతా రెండో వరుస.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అంటారు

ఉంది, అదే తంటా. ఫ్యాన్ గాలిని బయటికి తోస్తుంది, ఆ జాగాలోకి గాలి ఎక్కడి నుంచో రావాలి. దారి లేకపోతే ఫ్యాన్ గీజర్ పొగ గొట్టంలోంచే వెనక్కి లాగుతుంది. పైకి పోవాల్సిన పొగ తిరిగి గదిలోకి దిగుతుంది. వంటింటి చిమ్నీ అయితే ఇంకా బలంగా లాగుతుంది. ఫ్యాన్ పెడితే కింది రంధ్రం ఇంకా పెద్దది కావాలి. అంతేగానీ ఫ్యాన్ ఉందని రంధ్రం మానుకోకూడదు.

ఊదుబత్తి పరీక్ష

పనయ్యాక కిటికీలు, తలుపులు అన్నీ మూయండి. ఇంట్లో ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, చిమ్నీ అన్నీ ఆన్ చేయండి. స్టవ్, గీజర్ పది నిమిషాలు వెలిగించి ఉంచండి. మీరు లోపలే ఉంటారు కాబట్టి తల బరువనిపిస్తే పరీక్ష ఆపేసి బయటికి రండి. ఊదుబత్తి వెలిగించి ముందు కింది రంధ్రం దగ్గర పట్టుకోండి, పొగ లోపలి వైపు వంగాలి. పై రంధ్రం దగ్గర బయటికి పోవాలి. పెద్ద ఫ్యాన్ నడుస్తున్నప్పుడు పైదాంట్లోంచి కూడా లోపలికి రావచ్చు, అది సరే. గీజర్ పొగ గొట్టం మొదట్లో మాత్రం పొగ పైకే లాగాలి. మీ ముఖం వైపు తిరిగిందంటే వెంటనే గీజర్ ఆపేయండి, గాలి దారి పెద్దది చేసేదాకా వాడొద్దు.

మంట నీలంగా ఉండాలి. పసుపు నాలుకలు లేస్తున్నా, బోళ్ల అడుగున మసి పడుతున్నా గాలి చాలట్లేదు, లేదా బర్నర్ కళ్లు పూడుకుపోయాయి. నీలంగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు, కార్బన్ మోనాక్సైడ్ నీలం మంటలోనూ పుడుతుంది. దాని అలారం వేరే దొరుకుతుంది, మనిషి పడుకునే ఎత్తులో గోడకు పెట్టండి. గ్యాస్ లీక్ అలారం నేల నుంచి అడుగులోపు. రెండూ వేర్వేరు, ఒకటి కొని రెండు పనులూ అయ్యాయనుకోవద్దు.

ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, కళ్లు తిరగడం, బయటికొస్తే తగ్గిపోవడం కనిపిస్తే కార్బన్ మోనాక్సైడే అనుకోండి. మంట ఆపి, తలుపులు తీసి, అందరూ బయటికి రండి, 108కి ఫోన్ చేయండి. కోవిడ్ రోజుల్లో కొన్న వేలికి తగిలించే ఆక్సిజన్ మీటర్‌ను ఇక్కడ నమ్మొద్దు. కార్బన్ మోనాక్సైడ్ అతుక్కున్న రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్నట్టే చూస్తుంది, 98 అని చూపిస్తుంది. గ్యాస్ లీక్ వాసనైతే సంగతి వేరు. స్విచ్ వేయొద్దు, ఉన్నది ఆపనూ వద్దు. రెగ్యులేటర్ మూసి బయటికొచ్చాక గ్యాస్ లీక్ ఎమర్జెన్సీ నంబరు 1906కు ఫోన్ చేయండి.

ఆ పిల్లలు వెళ్లిపోయి కొత్త కుటుంబం దిగింది. కిరాయి కాగితంలో గాలి రంధ్రం మూయొద్దని ఒక లైను రాయించాను, దిగిన రోజే ఊదుబత్తి వెలిగించి చూపించాను. ఇక నాకు మిగిలింది దసరా. ఏటా రంగులేసే వాళ్లు లూవర్ పట్టీల మీదుగా కూడా బ్రష్ లాగేస్తారు, ఆరాక అవి అతుక్కుపోతాయి. అందుకే రంగు మొదలుపెట్టే ముందు లూవర్ విప్పి, జాలి కడిగి పక్కన పెట్టుకుంటాను.