చిన్న బైనాక్యులర్ ఎంచుకోవడం ఎలా?

పక్షులు చూడటానికో, అనుమతి ఉన్న చోట వేటకో చిన్న బైనాక్యులర్ కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ‘ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?’ అని. దాంతో అమ్మేవాడు పెద్ద అంకె ఉన్నదే అంటగడతాడు. నాలుగు రోజులకు అది అల్మారాలో పడుంటుంది. తప్పు బైనాక్యులర్‌ది కాదు, ఎంచుకున్న తీరుది.

1. అంకెలు

8×25 అంటే 8 రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు లెన్స్ వెడల్పు 25 మిల్లీమీటర్లని. రెండో అంకెను మొదటి అంకెతో భాగించండి. 8×25కి సుమారు 3.1, 10×25కి 2.5, 8×32కి 4 వస్తుంది. కంటికి చేరే వెలుగు వృత్తం ఎన్ని మి.మీ. ఉంటుందో చెప్పే లెక్క ఇది. దీన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. పట్టపగలు మన కంటిపాప 2, 3 మి.మీ. మించి తెరుచుకోదు కాబట్టి 3.1 చాలు. తెల్లవారుజామున, మునిమాపు వేళ కంటిపాప బాగా విచ్చుకుంటుంది, అప్పుడు 2.5 మి.మీ. వెలుగు ఏ మూలకు? జింకలు మేతకు వచ్చేదీ ఆ వేళల్లోనే. అందుకే పక్షులకు 8×25, వేటకు 8×32. 10×25 వద్దే వద్దు. దృశ్యంతో పాటు చేతి వణుకు కూడా 10 రెట్లవుతుంది, కనిపించే మేర ఇరుకవుతుంది, పిట్టను వెతికి పట్టేలోపు అది ఎగిరిపోతుంది.

కొన్ని డబ్బాల మీద ‘ట్విలైట్ ఫ్యాక్టర్’ అని ఇంకో అంకె ఉంటుంది. పై రెండు అంకెలను గుణించి వర్గమూలం తీస్తే వచ్చేదే అది. దాని ప్రకారం 8×25కి 14.1, 10×25కి 15.8. అంటే మసక వెలుతురులో 10×25యే మేలన్నమాట! అద్దం నాణ్యత, చేతి వణుకు ఆ లెక్కలోకి రావు. దాన్ని చూసి మోసపోకండి.

2. డబ్బా మీద చూడాల్సినవి

బాక్-4 అనే మేలురకం గాజుతో చేసిన ప్రిజమ్ (తలకిందుల దృశ్యాన్ని సరిచేసే గాజు దిమ్మ), ‘ఫుల్లీ మల్టీ కోటెడ్’ లెన్సులు (వెలుగు వృథా కాకుండా అన్ని అద్దాలకూ పలు పొరల పూత వేసినవి) ఉండాలి. గొట్టాలు వంపు లేకుండా తిన్నగా ఉండే రూఫ్ ప్రిజమ్ రకమైతే ఫేజ్ కోటింగ్ (దృశ్యం పదును తగ్గకుండా ప్రిజమ్‌కు వేసే పూత) కూడా ఉండాలి. కనిపించే మేర 1000 మీటర్ల దూరంలో 110 మీటర్లకు తగ్గకూడదు. 2, 3 మీటర్ల దగ్గరి వస్తువు కూడా ఫోకస్ కావాలి. కళ్లజోడు ఉంటే ఐ రిలీఫ్ (కన్ను అద్దానికి ఎంత ఎడంగా ఉన్నా దృశ్యం మొత్తం కనిపిస్తుందో ఆ దూరం) కనీసం 15 మి.మీ. చూసుకోండి. జూమ్ ఉన్నవి, ఎర్రగా మెరిసే లెన్సులవి, ‘ఫోకస్ చేయక్కర్లేదు’ అని రాసినవి ఉన్నచోటే వదిలేయండి.

రెండు మడతలు పడే రకం జేబులో బాగా ఇముడుతుంది, కానీ తీసిన ప్రతిసారీ రెండు కీళ్లూ సర్దుకోవాలి. ఒక్క కీలు ఉన్నదే నయం. తుపాకీకి స్కోప్ (గురిచూసే దుర్భిణి) ఉండగా బైనాక్యులర్ దండగ అనేవాళ్లకు ఒక్క మాట: స్కోప్‌తో వెతుకుతున్నారంటే తుపాకీ గొట్టాన్ని చూసిన ప్రతిదాని మీదకీ తిప్పుతున్నట్టే. పొద వెనక ఉన్నది మనిషైతే?

3. కళ్లకు పెట్టి సరిచూడటం

అందరూ పాడుచేసేది ఇక్కడే. బాగాలేదని తిరిగిచ్చే బైనాక్యులర్లలో చాలావాటికి అసలు సెట్టింగే చేసి ఉండరు. కాబట్టి నిదానంగా చేయండి, షాపులో ఎవరు తొందరపెట్టినా సరే.

ముందు ఐ కప్పులు, అంటే కళ్లకు ఆనే అంచులు. కళ్లజోడు లేకపోతే పైకి తిప్పాలి, ఉంటే లోపలికి. తర్వాత రెండు గొట్టాలను దగ్గరికీ దూరానికీ కదుపుతూ ఒక్కటే గుండ్రటి దృశ్యం వచ్చేదాకా సర్దాలి. సినిమాల్లో చూపించే జంట వృత్తాలు నిజంగా కనిపిస్తే అది సరిగా సర్దలేదని అర్థం. అంచుల్లో నల్లని నీడలు కదులుతుంటే కప్పుల ఎత్తు మార్చి చూడండి. అప్పటికీ పోకపోతే అది మీ ముఖానికి పనికిరాదు.

ఇక డయాప్టర్ రింగ్. మన రెండు కళ్ల చూపు ఒకేలా ఉండదు, ఆ తేడాను సరిచేసేది ఇదే. సాధారణంగా కుడి కంటి వైపు ఉంటుంది. 40, 50 మీటర్ల దూరంలో ఉన్న బోర్డు మీది అక్షరాలు చూడండి. కుడి గొట్టం ముందు లెన్స్‌ను అరచేత్తో మూయండి, కన్ను మాత్రం మూయొద్దు. ఒక కన్ను గట్టిగా మూస్తే రెండోది కూడా బిగుసుకుని కొలత తప్పుతుంది. మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి అక్షరాల అంచులు పదునుగా కనిపించేలా చేయండి. ఇక ఆ చక్రం ముట్టుకోవద్దు.

ఇప్పుడు ఎడమ లెన్స్‌ను మూసి, కుడి రింగును ప్లస్ వైపు చివరిదాకా తిప్పేయండి. దృశ్యం మసకబారుతుంది. అక్కణ్నుంచి మెల్లగా వెనక్కి తెస్తూ అక్షరాలు మొట్టమొదట పదునెక్కిన చోటే ఆపండి. ఇంకా బాగుంటుందేమోనని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటే కన్ను తనంతట తాను సర్దుకుంటూ పోతుంది, ఎక్కడ ఆపినా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ముఖ్యంగా కుర్రకళ్లకు ఈ తిప్పలు ఎక్కువ. కాసేపు చూపు దూరంగా తిప్పి, మళ్లీ మొదటినుంచి, మొత్తం మూడుసార్లు చేయండి. మూడుసార్లూ రింగ్ దాదాపు ఒకే గుర్తు దగ్గర ఆగితే అదే మీ కొలత. చివరిదాకా తిప్పినా పదును రాకపోతే, లేదా చిటికెన వేలు తగిలినా జారిపోయేంత వదులుగా ఉంటే వేరేది అడగండి. సంచిలో వేసుకుని తిరిగే వస్తువుకు వదులు రింగ్ రోజూ తలనొప్పే.

తలనొప్పి అంటే గుర్తొచ్చింది, రెండు గొట్టాలూ ఒకే దిక్కు చూస్తున్నాయో లేదో తప్పకుండా పరీక్షించండి. దూరంగా ఉన్న ఇంటి కప్పు అంచు లాంటి అడ్డగీతను చూస్తూ బైనాక్యులర్‌ను కళ్ల నుంచి నెమ్మదిగా ఒక జానెడు ముందుకు జరపండి. రెండు వృత్తాల్లోనూ గీత ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకి, ఒకటి కిందకి కనిపిస్తే తీసుకోవద్దు. పక్కకు కాస్త తేడా ఉంటే కళ్లు సర్దుకుంటాయి గానీ పైకీ కిందకీ తేడా వస్తే భరించలేవు. కష్టపడి రెంటినీ కలిపి చూస్తాయి కాబట్టి షాపులో ఏ లోపమూ తెలియదు. పావుగంట వాడాక కణతలు లాగడం మొదలవుతుంది.

4. బయటికి వెళ్లి

షాపు లైట్ల కింద ఏదైనా బాగానే కనిపిస్తుంది. గుమ్మం దాకా వెళ్లి చెట్టు నీడలోకి చూడండి, ఆకుల ఈనెలు విడివిడిగా తెలియాలి. ఆకాశం ముందున్న కొమ్మ అంచుకు ఊదా రంగు చార మందంగా ఉంటే లెన్స్ చవకది. చేతులు చాచి పట్టుకుని, సూర్యుడు లేని వైపు ఆకాశం కేసి తిప్పితే కళ్లకు పెట్టుకునే వైపు అద్దాల్లో రెండు వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అవి గుండ్రంగా ఉండాలి. అంచులు కోసినట్టు చతురస్రంలా ఉంటే ప్రిజమ్ నాసిరకం. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా చూడొద్దు, కన్ను పోతుంది.

ఆన్‌లైన్‌లో కొంటే పార్సిల్ వచ్చిన రోజే ఇవన్నీ చేసేయండి. తిరిగిచ్చే గడువు దాటేదాకా డబ్బా, బిల్లు, లెన్స్ మూతలు పారేయొద్దు.