‘లుక్’ దగ్గర ఆగకండి, పక్క మాట దాకా చదవండి

ఇంగ్లీషు వాక్యంలో ‘లుక్’ కనిపించగానే ‘చూడు’ అని రాసేసుకోవడం బడిలో పట్టుకున్న అలవాటు. కొంతదూరం బండి బాగానే నడుస్తుంది. ‘లుక్ ఆఫ్టర్’ దగ్గరికొచ్చేసరికి ‘తర్వాత చూడు’ అని అర్థం చెప్పి ఆగిపోతుంది.

నిజానికి మన ‘చూడు’ కూడా అంత బుద్ధిమంతురాలేం కాదు. ఎదురుచూడటం, చిన్నచూపు చూడటం, దిక్కులు చూడటం, తిని చూడటం: అన్నింట్లోనూ చూడటమే, అర్థాలు మాత్రం దేనికదే. కాకపోతే మనకి అర్థాన్ని మార్చే మాట ముందొస్తుంది, ఇంగ్లీషులో అది లుక్ తర్వాత వస్తుంది. కాబట్టి పక్క మాట చదివాకే తెలుగు చేసుకోండి. పని సగం అక్కడే అయిపోతుంది.

ముందుగా తేల్చుకోవాల్సింది చూసేది ఎవరన్నది. గుంటూరు మిర్చి యార్డులో కొనే ఆయన టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పి గుప్పెడు కాయలు అరచేతిలో పోసుకున్నాడనుకోండి. ఆయన కాయల వంక చూస్తున్నాడు: ‘హి ఈజ్ లుకింగ్ ఎట్ ది చిల్లీస్’. కాయలు బాగా ఎండినట్టు కనిపిస్తున్నాయి: ‘ది చిల్లీస్ లుక్ డ్రై’. మొదటి వాక్యంలో చూపు ఆయనది. రెండోదాంట్లో కాయలు దేన్నీ చూడటం లేదు, ఆయన కంటికి అలా ఆనుతున్నాయి. తెలుగులో చూడటం, కనిపించడం అని రెండు క్రియలుంటే ఇంగ్లీషు ఒక్క లుక్‌తోనే నెట్టుకొస్తుంది. లుక్ పక్కన ‘ఎట్’ ఉంటే చూడటం. డ్రై, రెడ్, టైర్డ్ లాంటి గుణం చెప్పే మాట నేరుగా వస్తే కనిపించడం.

అదే గుప్పిట్లో నాలుగు కాయలు తెల్లబడి ఉన్నాయి. తాలు కాయల్లా ఉన్నాయనడానికి ‘లైక్’ కావాలి: ‘దే లుక్ లైక్ తాలు’. ఎవరో నీళ్ళు చల్లినట్టున్నాయి అనాలంటే ‘దే లుక్ యాజ్ ఇఫ్ సమ్‌వన్ హ్యాజ్ స్ప్రింకిల్డ్ వాటర్ ఆన్ దెమ్’. లైక్ తర్వాత పేరు, యాజ్ ఇఫ్ తర్వాత పూర్తి వాక్యం. మాటల్లో లైక్ తర్వాత కూడా వాక్యం పెట్టేస్తుంటారు, ఎవరూ తప్పు పట్టరు. రాతలో యాజ్ ఇఫ్ వాడండి. రెండూ కలిపి ‘లైక్ యాజ్ ఇఫ్’ మాత్రం వద్దు.

ఇక్కడ తెలుగువాళ్ళు దొరికిపోయేది ‘-గా’ దగ్గర. అందంగా, కోపంగా, నీరసంగా అన్నప్పుడు మన మాట చివర ‘గా’ ఉంది కదా అని ఇంగ్లీషులో చివర ‘లీ’ తగిలిస్తాం: ‘షి లుక్స్ బ్యూటిఫులీ’. ఇది తప్పు. ‘షి లుక్స్ బ్యూటిఫుల్’ అనాలి. లుక్ తీసేసి అక్కడ ‘ఈజ్’ పెట్టి చూడండి. ‘షి ఈజ్ బ్యూటిఫుల్’ నిలబడుతుంది, ‘షి ఈజ్ బ్యూటిఫులీ’ కూలిపోతుంది. కానీ ‘లీ’ అసలు రాకూడదనీ కాదు. ‘హి లుక్ట్ యాంగ్రీ’ అంటే మనిషి కోపంగా కనిపించాడు, ఎవరి మీదో తెలియదు. ‘హి లుక్ట్ ఎట్ మి యాంగ్రిలీ’ అంటే నావంక కోపంగా చూశాడు. రెండోదాంట్లో చూపు ఒక పని, ఆ పని ఎలా చేశాడో ‘లీ’ చెబుతోంది.

సినిమా, క్రికెట్, డాక్టరు: ఈ మూడింటికీ తెలుగులో ‘చూడు’ సరిపోతుంది, ఇంగ్లీషులో లుక్ సరిపోదు. కదిలేదాన్ని కాసేపు కూర్చుని చూస్తే ‘వాచ్’. కంటికి ఆనితే ‘సీ’. కావాలని చూపు తిప్పితే లుక్. బెంజి సర్కిల్లో నిలబడి బస్సు బోర్డు వంక చూశారు, దూరం వల్ల అక్షరాలు కనపడలేదు: ‘ఐ లుక్ట్, బట్ ఐ కుడ్ నాట్ సీ’. సినిమా హాల్లో చూసినా ఇంట్లో చూసినా ‘లుక్ట్ ఎ మూవీ’ అనరు. మోకాలు డాక్టరుకి చూపించుకోవాలంటే ‘ఐ హ్యావ్ టు సీ ఎ డాక్టర్’. ఆయన మోకాలు పట్టి చూడటం మాత్రం ‘హి టుక్ ఎ లుక్ ఎట్ మై నీ’. ఇక ఆఫీసుల్లో వినపడే ‘చూద్దాంలెండి’ అన్నది ‘లెట్ అస్ సీ’. ‘వి విల్ లుక్ ఇంటు ఇట్’ అంటే విషయం విచారిస్తామని ఒప్పుకున్నట్టు, చూద్దాంలెండి కంటే అది ఒక మెట్టు పైన.

పెళ్ళి సంబంధాల మాటల్లో ఇంకో చిక్కుంది. అబ్బాయి ఎలా ఉంటాడు, ఎలా ఉన్నాడు, ఎలాంటివాడు అని మనం మూడు ప్రశ్నలు వేస్తాం. ఎలా ఉంటాడు అంటే రూపం గురించి: ‘వాట్ డజ్ హి లుక్ లైక్?’ ఎలా ఉన్నాడు అంటే క్షేమం: ‘హౌ ఈజ్ హి?’ ఎలాంటివాడు అంటే గుణం: ‘వాట్ ఈజ్ హి లైక్?’ ఇందులో లుక్ లేదు. ‘ఎలా’ అనగానే ‘హౌ’ వచ్చి కూర్చోవడంతో ‘హౌ డజ్ హి లుక్ లైక్?’ అనేస్తాం. లైక్ ఉంటే వాట్, లైక్ లేకపోతే హౌ. ‘హౌ డజ్ హి లుక్?’ కూడా సరైనదే, కానీ అది ఈ సూటులో ఎలా ఉన్నాడు, జ్వరం తగ్గాక మొహం ఎలా ఉంది అని అడగడానికి.

ఇక వెనక చేరే చిన్న మాటలు. వీటిలో ‘ఫర్’, ‘ఆఫ్టర్’ రోజూ పనికొస్తాయి. లుక్ ఫర్ అంటే వెతకడం, దొరికితే అది ‘ఫైండ్’. బ్రాడీపేటలో టులెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగేవాళ్ళు ‘లుకింగ్ ఫర్ ఎ హౌస్’. ఇల్లు కుదిరాక ‘వి ఫౌండ్ వన్’. లుక్ ఆఫ్టర్ అంటే మన ‘చూసుకోవడం’. నాన్నమ్మను చూసుకున్నా, కొట్టు లెక్కలు చూసినా అదే.

‘లుక్ అప్’ అంటే డిక్షనరీలోనో, ఫోన్లోనో వివరం తీసి చూడటం. విజయవాడ నుంచి చెన్నై వెళ్ళే పినాకిని రైలు వేళలు కావాలంటే ‘లుక్ అప్ ది టైమింగ్స్’. వేళల బదులు ‘ఇట్’ లేదా ‘దెమ్’ వాడితే అది మధ్యలోకి దూరాలి: ‘లుక్ ఇట్ అప్’. ‘లుక్ అప్ ఇట్’ అనకూడదు. ఆఫ్టర్, ఫర్, ఎట్ మాత్రం దారివ్వవు: ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ అనే అనాలి.

‘లుక్ ఫార్వర్డ్ టు’ కింద రెండు గోతులున్నాయి. మొదటిది వ్యాకరణానిది. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు’ అని ఉత్తరాల్లో రాసేస్తుంటారు. ఇక్కడి ‘టు’ క్రియకి ముందొచ్చే టు కాదు. దాని తర్వాత ‘ఇట్’ పెడితే అతుకుతుంది కాబట్టి క్రియకి ‘ఇంగ్’ చేర్చాలి: ‘టు మీటింగ్ యు’. రెండోది అర్థానిది. ఎదురుచూడటం మనకి సంతోషానికీ విసుగుకీ ఒకటే. నెహ్రూ బస్‌స్టేషన్‌లో గంటసేపు బస్సు కోసం కూడా ఎదురుచూస్తాం. అది ‘వెయిటింగ్ ఫర్’. మనసు ఉరకలు వేసేచోటే లుకింగ్ ఫార్వర్డ్.

చిన్నచూపు చూడటానికి ‘లుక్ డౌన్ ఆన్’ అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. దానికి ఎదురు మాట ‘లుక్ అప్ టు’, గౌరవంగా చూడటం, ఆదర్శంగా తీసుకోవడం. ఇంద్రకీలాద్రి మెట్ల మీంచి కిందికి కృష్ణ వంక చూడటం మామూలు చూపే, ‘లుక్ డౌన్ ఎట్’ అంటే చాలు. బస్సులో ఎవరైనా ‘లుక్ అవుట్!’ అని అరిస్తే తల కిటికీలోంచి బయట పెట్టడం కాదు, లోపలికి లాక్కోవాలి. జాగ్రత్త, కనిపెట్టి ఉండు అని దానర్థం. పేపర్లో వచ్చే లుకౌట్ నోటీసులో ఉన్నది కూడా ఈ కాపు కాయడమే: మనిషి దేశం దాటబోతే ఎయిర్‌పోర్టులో పట్టుకోమని.

చిన్న మాట ముందుకొచ్చి అతుక్కుంటే అర్థం మళ్ళీ మారిపోతుంది. ‘లుక్ ఓవర్’ అంటే ఓసారి పైనుంచి కిందిదాకా పరిశీలించడం. ‘ఓవర్‌లుక్’ అంటే చూడకుండా వదిలేయడం, లేదా చూసీచూడనట్టు పోవడం. దరఖాస్తు చివర ‘కైండ్లీ ఓవర్‌లుక్ మై అప్లికేషన్’ అని రాస్తే నా దరఖాస్తు పట్టించుకోకండి అని మీరే వేడుకున్నట్టు. హోటల్ వాళ్ళు ‘ది రూమ్ ఓవర్‌లుక్స్ ది రివర్’ అంటే మాత్రం సంతోషించండి, గదిలోంచి ఏరు కనిపిస్తుంది.

నామవాచకంగా లుక్‌ని మనం ఎప్పుడో సొంతం చేసుకున్నాం: ఫస్ట్ లుక్, కొత్త లుక్కు, ఓ లుక్కేయండి. తిరిగి ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు ‘వేయడం’ ఇక్కడే వదిలేయాలి. ‘పుట్ ఎ లుక్’ లేదు, ‘టేక్ ఎ లుక్’ లేదా ‘హ్యావ్ ఎ లుక్’. ‘హి గేవ్ మి ఎ లుక్’ అంటే మాత్రం అదోలా చూశాడని.

పలకడంలో రెండే జాగ్రత్తలు. భూతకాలం ‘లుకెడ్’ కాదు, ‘లుక్డ్’ కూడా కాదు; చివర్లో వినపడేది ట్: లుక్ట్. ఇక పరీక్షకి వెళ్ళే పిల్లలకి చెప్పేది ‘గుడ్ లక్’. ‘గుడ్ లుక్’ అంటే వాళ్ళు అద్దం వెతుక్కుంటారు.