అప్లిక్ పనిలో చిక్కులు: తప్పు సూదిదా, కత్తెరదా?

గుడ్డ ముక్కను ఒక ఆకారంలో కత్తిరించి మరో గుడ్డ మీద కుట్టడమే అప్లిక్. అంచు లోపలికి మడిచి చేత్తో కుట్టే పద్ధతి ఒకటి. జిగురు పొరతో అంటించి మిషన్ మీద జిగ్‌జాగ్ వేసేది ఇంకొకటి. పనామాలో గునా తెగ స్త్రీలు మోలాలకు (రవికెలకు కుట్టే బొమ్మల ముక్కలకు) చేసినట్టు పై గుడ్డను కోసి కింది రంగును బయటపెట్టేది మరొకటి. పని చెడగానే అందరం కుట్టునే తిట్టుకుంటాం. విప్పి చూస్తే తప్పు చాలాసార్లు కత్తెర దగ్గరో ఇస్త్రీ దగ్గరో దొరుకుతుంది.

ఆకు కొన మొద్దుబారింది

చేతికుట్టు నేర్చుకునేవారందరికీ మొదట ఎదురయ్యేది ఇదే. రెండు పక్కల మడతలూ కొన కింద ఒకదానిమీద ఒకటి పడి గుట్టగా మిగులుతాయి. ఆ గుట్టను వేలితో ఎంత నొక్కినా కొన తేలదు.

ఒక పక్కను కొన చివరిదాకా కుట్టేయండి. సరిగ్గా కొన మీద, అదే చోట రెండు కుట్లు వేసి ఆగండి. ఇప్పుడు ముక్కను కాస్త ఎత్తితే కుట్టిన మడత తాలూకు తోక రెండో పక్కనుంచి బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. దాన్ని 3 మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించండి. తర్వాత రెండో పక్కను సూది మొనతో కాకుండా, సూదిని అడ్డంగా పెట్టి లోపలికి ఊడ్చినట్టు తోయాలి. సూది జారిపోతుంటే తడిపిన టూత్‌పిక్ వాడండి, తడి పుల్ల పోగును పట్టుకుంటుంది. సూది 10 లేదా 11 నంబరుది, దారం సన్నని నూలుది కావాలి. దారం రంగు అడుగు గుడ్డతో కాదు, పై ముక్కతో కలవాలి.

లోపలి మూలలో పోగులు లేచాయి

హృదయం బొమ్మ పైభాగంలో, పూరేకుల మధ్య వచ్చే ఇబ్బంది ఇది. మడత తిరగడానికి కత్తెరతో పెట్టే గాటు, బొమ్మ గీసుకున్న గీతను దాటి పడి ఉంటుంది, లేదా ముందే గాటు పెట్టి ముక్కను చేతుల్లో నలిపి ఉంటారు. గీతకు ఒకటి రెండు పోగుల దూరంలో గాటు ఆపాలి. అదీ కుట్టు అక్కడికి చేరాకే. మూలలో మూడు నాలుగు కుట్లు పక్కపక్కనే దగ్గరగా వేయండి. అప్పటికే పోగులు వచ్చేసి ఉంటే ఆ చోట గీతను 2 మిల్లీమీటర్లు లోపలికి జరిపి కుట్టడమే మేలు. బొమ్మ పిసరంత తగ్గుతుంది, మీకు తప్ప ఎవరికీ తెలియదు. పాత చేనేత చీర ముక్కల నేత వదులుగా ఉంటుంది కాబట్టి మడతకు మామూలుగా వదిలే 5, 6 మిల్లీమీటర్లకు బదులు 8 వదలండి.

గాజు పెట్టి గీసిన గుండ్రం కాస్తా పలకలు తేలింది

వేళ్లతో మడిస్తే పలకలు తప్పవు. శుభలేఖ అట్ట తీసుకోండి. తళుకు పూత ఉన్నది వద్దు, ఇస్త్రీపెట్టెకు అంటుకుంటుంది. అట్టను కావలసిన గుండ్రంగా కత్తిరించి, అంచును నున్నగా రుద్దండి. చుట్టూ అంగుళంలో పావు వంతు ఎక్కువ ఉండేలా గుడ్డ కోసి, ఆ అంచులో సన్నగా రన్నింగు కుట్టు వేయండి. అట్టను మధ్యలో పెట్టి దారం లాగితే సంచి మూతిలా ముడుచుకుంటుంది. మడత మీద పలచని గంజి వేలితో రాసి, ఇస్త్రీ చేసి, పూర్తిగా చల్లారాకే అట్ట తీయాలి. నేను తొందరపడి వేడి మీదే లాగిన ప్రతిసారీ గుండ్రం కోడిగుడ్డయింది.

జిగ్‌జాగ్ చుట్టూ గుడ్డ ముడతలు పడింది

కింద ఆసరా లేకపోవడం ఒక కారణం, పై దారం బిగుతు ఇంకొకటి. అడుగున పలచని తెల్ల కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి. వార్తాపత్రిక పెడితే సిరా అంటుతుంది. బిగుతును కొద్దిగా తగ్గించి, వృథా ముక్క మీద కుట్టి చూడండి. వంపుల్లో కుట్టు చీలితే తిప్పేటప్పుడు సూది ఎక్కడుందో గమనించండి. బయటి వంపుకు అడుగు గుడ్డలో, లోపలి వంపుకు పై ముక్కలో దిగి ఉండగా పాదం ఎత్తి తిప్పాలి.

అంటించిన ముక్క ఊడింది, లేదా అట్టలా బిగిసింది

ఉతకని కొత్త గుడ్డ మీద గంజి, పాలిష్ ఉంటే జిగురు పట్టదు. ఇస్త్రీపెట్టెను జరుపుతూ రుద్దినా అంతే, ఒక్కో చోట ఆపి నొక్కాలి. బిగుసుకుపోతే జిగురు పొర మధ్యభాగాన్ని కత్తిరించి తీసేసి, అంచున అంగుళంలో పావు వంతు పట్టీ మాత్రమే ఉంచండి. బొమ్మను జిగురు పొరకు ఉండే కాగితం మీద తిరగేసి గీయాలని మరిచిపోకండి. మా మేనకోడలి బొంత మీద ‘శ్రీ’ అద్దంలో చూస్తేనే చదవగలం.

కలంకారీ పువ్వు రంగు వదిలింది

అచ్చు గుడ్డలోని పువ్వునో పిట్టనో కత్తిరించి బొంత మీద కుట్టే పద్ధతికి ఫ్రెంచిలో బ్రోడరీ పెర్స్ అని పేరు. పేరులో పర్షియా ఉన్నా, ఒకప్పుడు ఐరోపా ఇళ్లలో అలా కోసుకున్న వాటిలో మచిలీపట్నం వంటి కోరమాండల్ రేవుల నుంచి వెళ్లిన అద్దకం గుడ్డలున్నాయి. వాటి మోజు ఎంతటిదంటే ఫ్రాన్స్ 1686లో నిషేధించింది, ఇంగ్లండు 1721లో అద్దకం నూలు గుడ్డల వాడకాన్నే అరికడుతూ చట్టం చేసింది. చిన్న ముక్క దొరికినా పారేయబుద్ధి కాని రోజులవి.

ఇంట్లో పాత కలంకారీ ఉంటే నల్ల గీతలను ముందు చూసుకోండి. ఆ నలుపు ఇనుముతో చేసినది, ఏళ్లు గడిచేకొద్దీ పోగును తినేస్తుంది. అందుకే గీత మీద కత్తిరించకుండా బయట అంచు వదిలి కోయండి, కుట్టు కూడా గీత మీద పడకూడదు. కొత్తదైతే తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే నీళ్లు తేటపడేదాకా విడిగా జాడించాలి. కుట్టాక బొంత మీదికే రంగు దిగితే ఆరనివ్వకండి, ఇస్త్రీ అసలే వద్దు. తడిగా ఉండగానే పెద్ద తొట్టెలో నిండా నీళ్లు పోసి ముంచి, రంగు రావడం ఆగేదాకా నీళ్లు మారుస్తూ ఉండండి. ఒక్కోసారి రాత్రంతా పడుతుంది.