గ్లాసు ముందు కబుర్లు, 4వ పాఠం: ముందు అడగండి, తర్వాత చెప్పండి

మూడో పాఠం చివర్లో ఒక పని అప్పజెప్పాను, గుర్తుందా? వారం రోజుల పాటు ముక్కుకు తగిలిన వాసనలకి మీ సొంత మాటల్లో పేర్లు పెట్టి రాసుకోమని. రాయనివాళ్లు కూడా చదివేయండి, పర్లేదు, కానీ కాస్త ముందుకెళ్లాక ఆ కాగితం అవసరం పడుతుంది. తాగే అలవాటు లేనివాళ్లు, ఉండి మానేసినవాళ్లు ఇదంతా పాలు కలపని టీతోనో కాఫీతోనో చేయొచ్చు. మనకి కావాల్సింది ఓ వాసన, ఓ రుచి, ఎదురుగా ఓ మనిషి.

ఈ పాఠానికి మూలం నా పరువు పోయిన ఒక సాయంత్రం. విస్కీ గురించి అప్పుడప్పుడే చదవడం మొదలుపెట్టిన రోజులు, అంటే మనిషి అత్యంత ప్రమాదకరంగా ఉండే రోజులు. ఒక విందులో నా పక్కన ఓ పెద్దాయన కూర్చున్నాడు. గ్లాసు చేతిలోకి రావడం ఆలస్యం, అందుకున్నాను: స్కాచ్ అనాలంటే స్కాట్లాండ్‌లోనే ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు నిలవుండాలి, పీపా 700 లీటర్లు దాటకూడదు, సీసాలోకి ఎక్కేసరికి ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు, సీసా మీద 12 ఏళ్లు అని రాస్తే లోపల కలిపినవాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసు అదన్నమాట... ఇలా ఇరవై నిమిషాలు. ఆయన తల ఊపుతూ విన్నాడు. చివరికి నాకే ఆయాసం వచ్చి, మర్యాద కోసం "మీరేం చేస్తుంటారండీ?" అన్నాను. "పీపాలు చేసేవాణ్ణండీ, ముప్ఫై ఏళ్లు చేశాను" అన్నాడు.

నేల చీలితే అందులోకి దూరిపోదామనిపించింది. ఆయన మంచివాడు కాబట్టి దాన్ని పట్టించుకోకుండా మరో గంట మాట్లాడాడు. పీపాకి మేకు ఉండదు, జిగురు ఉండదు. పలకల్ని వేడి పెట్టి వంచి ఇనప పట్టీలు బిగిస్తే, లోపల తడి తగిలి చెక్క ఉబ్బి దానంతటదే బిగుసుకుంటుంది. మూత పలకల సందుల్లో ఎండబెట్టిన రెల్లు లాంటి గడ్డి దూరుస్తారు. బర్బన్ అనే అమెరికా విస్కీ కోసమైతే కొత్త పీపా లోపల మంట పెట్టి పైపొర బొగ్గయ్యేలా కాలుస్తారు, దానికి నిమిషం కూడా పట్టదు. అమెరికా చట్టం ప్రకారం బర్బన్‌కి ప్రతిసారీ కొత్త పీపానే కావాలి, దాంతో ఒకసారి వాడినవి బోలెడు మిగిలిపోతాయి, అవే ఓడలెక్కి స్కాట్లాండ్ చేరి స్కాచ్‌కి వెనిలా వాసన అంటిస్తాయి. పీపాలోంచి ఏటా సుమారు 2 శాతం గాల్లోకి ఆవిరైపోతుందనీ, దాన్ని దేవదూతల వాటా అంటారనీ నేను చదివే ఉన్నాను. చదవంది ఏమిటంటే, ఆయన టేబుల్ మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, ఆగి, తల కాస్త పక్కకి వంచి, "నిండుగా ఉన్న పీపా ఇలా పలకదు, కారిపోయింది మాత్రం చెప్పేస్తుంది" అన్నాడే, అది. ఏ పుస్తకంలో దొరుకుతుంది చెప్పండి.

ఆ "ఏం చేస్తుంటారు" అన్న ముక్క మొదటి నిమిషంలో అడిగి ఉంటే ఇరవై నిమిషాలు మిగిలేవి. సరే, పాఠంలోకి వద్దాం.

గ్లాసు చేతికివ్వగానే అందరం అడిగే ప్రశ్న "ఎలా ఉంది?" దీనికి ప్రపంచంలో ఒకటే జవాబు: "బాగుంది." అక్కడితో తలుపు మూసుకుపోతుంది. దాని బదులు "ఏం గుర్తొస్తోంది?" అని అడిగి చూడండి. తేడా చిన్నదే, కానీ మొదటి ప్రశ్న పరీక్షలా వినిపిస్తుంది, తప్పు చెబుతానేమో అన్న టెన్షన్ పుట్టిస్తుంది. రెండోదానికి తప్పు జవాబంటూ ఉండదు, ఎవరి గుర్తు వాళ్లది.

ఇది మాటల గారడీ కూడా కాదు, ముక్కు అమరికే అలాంటిది. వాసన తెచ్చే సంకేతాలు మెదడులో జ్ఞాపకాలనీ, భావోద్వేగాలనీ చూసుకునే భాగాలకి దగ్గరి దారిన చేరతాయి. మిగతా ఇంద్రియాలది చుట్టుదారి. పైగా మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద వాటా వాసనదే, అది నోటి వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. నమ్మకం లేకపోతే ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క వేసి, రెండు క్షణాల తర్వాత వదలండి. అప్పటిదాకా పులుపో చేదో తప్ప ఏమీ తెలియదు, వదలగానే తక్కినదంతా ఒక్కసారిగా వచ్చి పడుతుంది.

ఓసారి ఓక్‌లో నిలవబెట్టిన ఎర్ర వైన్ పోసి ఇదే ప్రశ్న అడిగాను. బల్ల చుట్టూ నలుగురం ఉన్నాం, ముగ్గురం గలగలా మాట్లాడేవాళ్లమే, నాలుగో ఆవిడ మాత్రం వచ్చినప్పట్నుంచీ నవ్వడమే తప్ప నోరు విప్పలేదు. ఆవిడ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే ఉండి, "పెన్సిల్ చెక్కిన పొట్టు" అంది. మేం గమ్మునుండిపోయాం. వాళ్ల నాన్న మ్యాపులు గీసేవాడట, రాత్రి భోజనమయ్యాక బ్లేడుతో పెన్సిళ్లు చెక్కి పొట్టంతా ఓ కాగితం మీద పోగేసేవాడట, నిద్రపోయేముందు ఆ పొట్టుతో ఆడుకోవడం ఆవిడ పని. అక్కడ్నుంచి మ్యాపులు, నదులు దారి మార్చుకుంటే మ్యాపు గీసేవాళ్లు పడే తిప్పలు, సరిహద్దు గీత కాస్త లావైతే వచ్చే తగాదాలు... వైన్ సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆవిడన్న మాట వైన్ నిపుణులు వాడే మాటే, కాబర్నే సావిన్యోన్ అనే ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ గురించి చెప్పేటప్పుడు పెన్సిల్ పొట్టు తరచూ వస్తుంది. ఆవిడకి ఆ సంగతి తెలియదు. తెలిసుంటే నాన్న దాకా వెళ్లేది కాదేమో.

ఇక్కడొక జాగ్రత్త. బల్ల దగ్గర మొదట మాట్లాడినవాళ్లు మిగతావాళ్ల ముక్కుల్ని తమ వైపు లాగేసుకుంటారు. ఒకరు "నిమ్మ" అన్నారా, అందరికీ నిమ్మే తగులుతుంది. మనం ఎంత తేలిగ్గా బుట్టలో పడతామో 2001లో అచ్చయిన ఒక ఫ్రెంచ్ అధ్యయనంలో బయటపడింది: తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి 54 మందికి ఇస్తే, వాళ్లు దాని వాసనని ఎర్ర వైన్‌కి వాడే మాటలతో వర్ణించారు. వాళ్లు బోర్డోలో వైన్ తయారీ చదువుకుంటున్న విద్యార్థులు, దారినపోయేవాళ్లు కారు. విస్కీ విషయంలోనూ అంతే, ముదురు రంగు చూసి పాతదనుకోకండి, స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి నిబంధనలే ఒప్పుకుంటాయి.

కాబట్టి నా పద్ధతి ఇది: గ్లాసు పోశాక రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, తలా ఒక చీటీ మీద ఒకే ఒక్క మాట రాయాలి, సీసా తెచ్చిన మనిషి అందరికంటే చివర చదవాలి. సీసా మనదైతే నోరు కట్టుకోవడం ఎంత కష్టమో మీకే తెలుస్తుంది. నేనైతే నాలుక కరుచుకుంటాను, నిజంగానే.

ఏ మాట రాయాలన్నది తర్వాతి చిక్కు. ఇంగ్లీషులో చదివిన వర్ణనలు బట్టీ పట్టి బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ అని రాసేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది, ఆ పండు ఎన్నడూ నోట్లో పెట్టుకుని ఉండరు పాపం. మన నోట్లో ఉన్న మాటలు తక్కువవేం కాదు. ఎర్ర వైన్ తాగాక చిగుళ్లు, నాలుక పొడిబారి పట్టేసినట్టుంటుందే, ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ వచ్చే టానిన్ల పని అది, దాన్ని వివరించడానికి ఇంగ్లీషువాళ్లు నానా అవస్థ పడతారు. మనకి వగరు అన్న మూడక్షరాల మాట ఉంది, షడ్రుచుల్లో దానికో కుర్చీ కూడా వేసి పెట్టారు. స్కాట్లాండ్‌లోని ఐలా దీవి విస్కీల్లో చాలావాటికి ఓ ఘాటు ఉంటుంది, పీట్ పొగలో ఆరబెట్టిన బార్లీ వల్ల. పీట్ అంటే వేల ఏళ్లుగా చిత్తడి నేలల్లో పేరుకున్న నాచూ గడ్డీ. ఆ వాసనకి పొగచూరిన అన్న మాట అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. బిరడా చెడి వైన్ పాడైతే తడి అట్టపెట్టె వాసన వస్తుంది, మనం ముక్కిపోయింది అంటామే, అదే. కమ్మగా, కమురుగా, మక్కినట్టు, గరగరగా... మీ కాగితం తీయండి, అందులో ఇలాంటివి పది దొరకాలి. దొరక్కపోతే వారం ఇంకా అయిపోలేదనుకోండి.

ముగ్గురు చీటీలు చదివాక కబుర్లు చల్లబడితే ఓ చిన్న కిటుకుంది: నీళ్లు. విస్కీలో అర చెంచా నీళ్లు పోసి మళ్లీ వాసన చూడమనండి, "ఇందాక లేనిది ఏం వచ్చింది, ఇందాక ఉన్నది ఏం పోయింది?" అని అడగండి. 2017లో ఇద్దరు స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపించారు, పొగ వాసనకి సంబంధించిన గ్వాయకోల్ అనే పదార్థం ఆల్కహాల్ పలచబడేకొద్దీ ద్రవం పైభాగానికి చేరుతుందట. నీళ్లు కలిపితే విస్కీ పాడైపోతుందనే పెద్దమనిషి ఎవరైనా ఉంటే వాదించకండి, ఆయన గ్లాసులో మాత్రం పోయకండి. విస్కీ మిశ్రమాలు తయారుచేసే నిపుణులే ఆల్కహాల్ సుమారు 20 శాతానికి దిగేలా పలచన చేసి వాసన చూస్తారని మాటల్లో మాటగా అనండి చాలు.

వైన్‌కైతే మూడు చిన్న గిన్నెలు: ఉప్పు, నిమ్మ ముక్క, పంచదార. ఒక్కొక్కటీ నాలుకకి తగిలించి ఓ గుక్క వేయమనండి. ఉప్పు, నిమ్మ తర్వాత అదే వైన్ మెత్తబడుతుంది, పంచదార తర్వాత మొహం చిట్లించేంత పుల్లగా మారుతుంది. ఏ తిండి పక్కన ఏ వైన్ అన్న శాస్త్రమంతా సగం ఇందులోనే ఉంది. ఇది మొదలుపెట్టాక మాట్లాడించాల్సిన పని మీకు ఉండదు, గిన్నెలు లాక్కోకుండా చూసుకోవాలంతే.

ఇక మాటని ఒకరి నుంచి ఒకరికి నడిపించడం. ఇందులో మనకి గురువులు జార్జియా దేశంవాళ్లు (అమెరికా రాష్ట్రం కాదు), మట్టి జాడీల్లో వైన్ చేసే వాళ్ల పద్ధతిని యునెస్కో 2013లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. వాళ్ల విందుకి సుప్రా అని పేరు, దాన్ని నడిపే పెద్దని తమదా అంటారు. తమదా గ్లాసెత్తి ఒక విషయం మీద నాలుగు మాటలు చెబుతాడు, పోయినవాళ్ల గురించో స్నేహం గురించో, ఆపైన అలావెర్ది అని ఒకరికి ఆ మాటని అప్పగిస్తాడు. అప్పుడు అందుకున్న మనిషి అదే విషయాన్ని తనదైన ముక్కతో పొడిగించాలి, కొత్త విషయం ఎత్తుకోవడం కుదరదు. దీన్ని మనం ఉన్నదున్నట్టు తెచ్చుకోవచ్చు: ఎవరైనా ఒక జ్ఞాపకం చెప్పాక "మీకు?" అని ఇంకొకరి వైపు తిరగడమే. నాకూ అలాంటిదే జరిగింది అని మనమే దూరిపోవడం మాత్రం చేయకూడదు, నేను ఇప్పటికీ చేస్తుంటాను, మా వాళ్లు బల్ల కింద కాలు తొక్కుతారు.

ఈ వారం పని: ఇద్దర్ని పిలవండి, అందులో ఒకరు మీకు పెద్దగా పరిచయం లేనివాళ్లై ఉండాలి. ఒకే సీసా, లేదా ఒకే టీ. చీటీలు, రెండు నిమిషాల మౌనం, మీ చీటీ చివర. ఎదుటివాళ్లని కనీసం ఐదు ప్రశ్నలు అడిగేదాకా మీకు తెలిసిన ఒక్క వివరం కూడా చెప్పకండి, 3 ఏళ్లూ 700 లీటర్లూ లాంటివి అసలు వద్దు. వాళ్లు వెళ్లాక గ్లాసులు కడగకముందే, వాళ్ల గురించి అంతకుముందు తెలియని మూడు సంగతులు రాయండి. మూడూ రాకపోతే ఎక్కువ మాట్లాడింది మీరే.

ఇంటికెళ్లేవాళ్లు బండి నడపకుండా చూడటం కూడా పిలిచినవాళ్ల పనే.

ఐదో పాఠంలో దీనికి ఎదురు చిక్కు చూద్దాం: రెండో గ్లాసు తర్వాత ఒకే కథ మూడోసారి చెబుతున్న మనిషిని నొప్పించకుండా దారి మళ్లించడం ఎలా.